ఆ సీసా మీద నాలుగు తెలుగు ముక్కలు రాయించండి

తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ, ఆయుష్ విభాగాల అధికారులకు, ఇంగ్లీషు వైద్యం చేసే డాక్టర్లకు, ఆయుర్వేద వైద్యులకు, నాలాగే మందుల షాపు నడిపేవాళ్ళకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో 22 ఏళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మూలికా మందులు రోజూ వేసుకునే ఇంగ్లీషు మాత్రలతో కలిస్తే వికటించవచ్చని సీసాల మీద తెలుగులో రాయించమని ఇప్పటికి రెండు అర్జీలు పెట్టాను. మొదటిదానికి ముద్ర వేసిన రసీదు చేతికిచ్చారు. రెండోదానికి "ఇది మా పరిధిలోకి రాదండీ" అని నోటిమాటగా చెప్పి పంపారు. మరి ఎవరి పరిధిలోకి వస్తుందంటే చెప్పినవాళ్ళు లేరు. అందుకే అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాను.

మా అక్క కొడుక్కి పదకొండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. గుంటూరులో చూపించాం. ఫెనిటోయిన్ మాత్రలు, రోజుకు 200 మిల్లీగ్రాములు రాశారు. నాలుగేళ్ళపాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. వాడు పదో తరగతికొచ్చాడు. సంక్రాంతి సెలవులు అయిపోయాక మా అక్క షాపుకొచ్చింది. "చదివింది గుర్తుండట్లేదంటున్నాడురా తమ్ముడూ, ఆ జ్ఞాపకశక్తి సిరప్ ఒకటివ్వు" అంది. "ఫిట్స్ మాత్రలతో పరవాలేదుగా?" అని కూడా అడిగింది.

నేను సీసా తిప్పి చదివాను. శంఖపుష్పి, సరస్వతి ఆకు, ఇంకో నాలుగు మూలికలు, వాటి శాస్త్రీయ నామాలు, ఏది ఎంత కలిపారో, రెండు పూటలా రెండేసి చెంచాలు. వేరే మందులు వాడేవాళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు. "ఆయుర్వేదమే కదక్కా, ఏం కాదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. సీసా వెళ్ళింది నా షాపు అరలోంచే.

ఫిబ్రవరి రెండో వారంలో ఒకరోజు, తెల్లవారుజామున చదువుకోవడానికి లేచినవాడు కుర్చీలోంచి పడిపోయాడు. మా అక్క వెళ్ళేసరికి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోటి పక్క నురగలో నెత్తురు. నాలుక కొరుక్కున్నాడు. రక్తపరీక్ష చేయిస్తే ఫెనిటోయిన్ 4.8 వచ్చింది. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాల్సిన మందు అది. "మాత్రలు ఎగ్గొడుతున్నాడా?" అని డాక్టరుగారు అడిగారు. మా అక్క సంచిలోంచి ఖాళీ షీట్లు తీసి బల్ల మీద పరిచింది, ఒక్కటి కూడా తప్పలేదని. ఆయన డోసు 300కు పెంచారు. ఇంకేమైనా వాడుతున్నారా అని ఆయన అడగలేదు. సిరప్ కూడా మందు కిందికే వస్తుందని మా అక్కకు తట్టలేదు.

పరీక్షలయ్యాయి. ఇక జ్ఞాపకశక్తితో పనేముందని సిరప్ ఆపేశారు. ఏప్రిల్ మూడో వారానికి పిల్లాడు తాగినవాడిలా తూలడం మొదలుపెట్టాడు. కనుగుడ్లు పక్కలకు కొట్టుకుంటున్నాయి, ఫోనులో అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయన్నాడు. ఈసారి పరీక్షలో 29. రెండు నెలల కింద మందు చాలక పడిపోయినవాడు, ఇప్పుడు అదే మందు ఎక్కువై పడిపోతున్నాడు. ఆసుపత్రిలో కేసు రాసుకుంటున్న ఒక కుర్ర డాక్టరమ్మ, "పసరు మందులు, టానిక్కులు ఏమైనా ఇచ్చారా అమ్మా?" అని అడిగేదాకా ఈ రెండు సంఘటనలను ముడిపెట్టి చూసినవాళ్ళు లేరు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. శంఖపుష్పి కలిసిన ఆయుర్వేద మందు తీసుకుంటూ, ఫెనిటోయిన్ వాడుతున్న ఇద్దరు రోగులకు అదుపులో ఉన్న ఫిట్స్ మళ్ళీ వచ్చాయని ముంబై పరిశోధకులు 1992లోనే ప్రచురించారు. ఎలుకల్లో పరీక్షించి, ఆ మందు రోజూ ఇస్తే రక్తంలో ఫెనిటోయిన్ పడిపోతోందని చూపించారు. నేను ఫార్మసీ చదువులో చేరకముందే అచ్చయిన సంగతి. మన దేశంలో, మన రోగుల మీద, మన మూలిక గురించి తేలిన సంగతి. మూడు దశాబ్దాలు దాటినా అది సీసా మీదికి రాలేదు, నా కౌంటరు దాకా రాలేదు.

ఒంట్లో ఏం జరుగుతుందో పొలం పనులు చేసుకునేవాళ్ళకు నేను చెరువు లెక్కతో చెబుతున్నాను. కాలవలోంచి రోజూ ఇంత నీరొస్తుంది, తూములోంచి ఇంత పోతుంది, మట్టం ఒక గీత దగ్గర నిలబడుతుంది. మాత్ర అంటే వచ్చే నీరు. తూము అంటే కాలేయంలోనూ పేగు గోడల్లోనూ ఉండే ఎంజైములు, మందును విరగ్గొట్టి బయటికి పంపేవి. సైటోక్రోమ్ పి450 అనే కుటుంబం వాటిలో ముఖ్యమైనది. ఆ కుటుంబంలో 3ఏ4 అన్న ఒక్క ఎంజైమే మనం వాడే మందుల్లో దాదాపు సగం పని చూసుకుంటుంది. పేగు గోడలో పి-గ్లైకోప్రొటీన్ అని ఇంకోటి ఉంది. అది లోపలికి వస్తున్న మందును తిరిగి పేగులోకి తోసేసే పంపు. డాక్టరు మట్టం చూసి డోసు రాస్తారు, తూము రేపు కూడా ఇంతే తెరిచి ఉంటుందన్న నమ్మకంతో. కొన్ని మూలికలు ఆ తూమును వెడల్పు చేస్తాయి, కొన్ని సగం మూసేస్తాయి. వెడల్పవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మూలిక మానేశాక మళ్ళీ పాత స్థితికి రావడానికీ దాదాపు అంతే. కాబట్టి ప్రమాదం మొదలుపెట్టినప్పుడు ఒకసారి, మానేసినప్పుడు ఇంకోసారి. మా వాడికి రెండూ జరిగాయి.

ఇదంతా ప్రభుత్వాలకు తెలియదంటే నేను ఒప్పుకోను. మిరియాలు, పిప్పళ్ళలో ఉండే పైపరిన్‌కు మందులను రక్తంలోకి ఎక్కువగా చేర్చే గుణం ఉందని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల దశాబ్దాల కిందటే పని చేసింది. ఆ దారిలోనే 2009లో మన దేశంలో ఒక టీబీ మందుకు అనుమతి వచ్చింది. మామూలుగా 450 మిల్లీగ్రాములు వేసే రిఫాంపిసిన్‌ను 10 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించి 200కు దించారు. మంచి పనే. కానీ మందు బలాన్ని అంతగా మార్చే పదార్థమని లైసెన్సు ఇచ్చేచోట గుర్తించినప్పుడు, అదే పదార్థమున్న త్రికటు చూర్ణం డబ్బా మీద ఒక హెచ్చరిక ఎందుకుండదు? ఫెనిటోయిన్ వాడే ఫిట్స్ రోగులకు పైపరిన్ ఇస్తే రక్తంలో మందు పెరుగుతుందని చండీగఢ్ పీజీఐ వైద్య సంస్థ డాక్టర్లు 2006లో చూపించారు. అంటే ఒకే మాత్రను శంఖపుష్పి కిందికి లాగుతుంది, మిరియం పైకి నెడుతుంది. ఆ రెండూ కలిసిన లేహ్యం ఇచ్చినప్పుడు ఆ పిల్లాడి ఒంట్లో మట్టం ఎక్కడుంటుందో చెప్పగలిగినవాళ్ళెవరు?

ఇక్కడొక మాట. మిరియాల చారు మానమని నేను అనడం లేదు, దయచేసి అలా ప్రచారం చేయకండి. ఏళ్ళ తరబడి తినే తిండికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది, డాక్టరు రాసిన డోసు ఆ తిండి తినే ఒంటికి కుదిరిన డోసే. ప్రమాదమంతా మార్పులో ఉంది. కొత్తగా మొదలుపెట్టిన చూర్ణంలో, సారం తీసి చిక్కబరిచి నింపిన గొట్టం మాత్రల్లో (క్యాప్సూళ్ళలో), ఉన్నట్టుండి మానేయడంలో. 2020లో కరోనా వచ్చినప్పుడు తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాలు వేసిన కషాయం తాగమని కేంద్ర ఆయుష్ శాఖే చెప్పింది. మా వీధిలో ఇంటింటా కాచారు. రోజూ మాత్రల మీద ఆధారపడి బతికేవాళ్ళు ఒకసారి డాక్టరును అడిగి తాగండని మా దాకా వచ్చి చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

బయటి దేశాల్లో ఇలాంటివి తేలినప్పుడు ఏం చేశారో చూడండి. సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఒక పూల మొక్క ఉంది, దిగులు తగ్గడానికి వాడతారు. హెచ్ఐవీ మందు ఇండినవిర్‌ను అది సగానికి పైగా తగ్గించేస్తోందని, గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరిలో, కొత్త గుండెను ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు పడిపోయి, ఒళ్ళు ఆ గుండెను తిప్పికొట్టడం మొదలుపెట్టిందని 2000 ఫిబ్రవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అదే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక విడుదల చేసింది. బ్రిటన్‌లో అనుమతి పొందిన సెయింట్ జాన్స్ వోర్ట్ పెట్టెలో ఇవాళ ఒక కాగితం ఉంటుంది, ఏయే మందులతో కలిపి వాడకూడదో వరసగా పేర్లతో. మూలికను నిషేధించలేదు, చెప్పి అమ్ముతున్నారు. అక్కడి పిల్లలు ఇక్కడి తల్లిదండ్రులకు పంపే డబ్బాల్లో ఈ గొట్టాలు నేను చూశాను. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, తినేది మాత్రం తెలుగు తప్ప చదవలేని పెద్దావిడ.

ఈ నిర్లక్ష్యం ఎవరి మీద పడుతోందో, నా కౌంటరు దగ్గర నేను చూస్తున్నంత మేరకు చెబుతాను.

1. ఫిట్స్ ఉన్నవాళ్ళు. నాలుగేళ్ళు బాగున్న మనిషికి ఒక్క ఫిట్ వచ్చినా ఆటో నడపడం, తాపీ పని, పరంజా ఎక్కడం అన్నీ ఆగిపోతాయి. ఆడపిల్లయితే పెళ్ళి సంబంధం దగ్గర మాట మారిపోతుంది. "ఇంగ్లీషు మందు పనిచేయట్లేదు" అనుకుని మాత్రలు మానేసి, వేరు కట్టించుకోవడానికి పోయేవాళ్ళున్నారు. మందు పనిచేయకపోవడం కాదు అది. మందు రక్తంలో నిలవకపోవడం.

2. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్ళు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరమొచ్చి వాల్వు చెడిపోయి, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మా మండలంలో చాలామందే ఉన్నారు. లోహపు వాల్వు ఉన్నవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా ఎసినోకౌమరాల్ గానీ వార్ఫరిన్ గానీ జీవితాంతం వాడాలి. గుండె ఎడమ వైపుండే మైట్రల్ వాల్వయితే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ అనే పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ, పక్షవాతం. పెరిగితే లోపల రక్తస్రావం. వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు సారంతో చేసిన గొట్టాలు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఐఎన్ఆర్ 10 దాటిందని న్యూజిలాండ్ ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. మా దగ్గర మిరపకాయల కోతకు పోయే, వాల్వు మార్పించుకున్న ఒకావిడ మోకాళ్ళ నొప్పులకు సంతలో ఏదో పొడి కొనుక్కుంది. పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు. చిగుళ్ళ వెంట నెత్తురొస్తోందని దూది కోసం నా దగ్గరికి వచ్చింది. చీర కొంగు ఎత్తితే చేతి మీద అరచేయంత నల్లటి మచ్చలు. అదే పూట ఆటో ఎక్కించి పంపాను కాబట్టి బతికింది. ఐఎన్ఆర్ పరీక్షకు ఆమె 40 కిలోమీటర్లు పోవాలి, ఆ రోజు కూలి పోతుంది. అందుకే తరచూ చేయించుకోవాల్సిన పరీక్షను ఏడాదికోసారి చేయించుకుంటోంది.

3. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు. తల్లి కిడ్నీ కొడుక్కి ఇస్తుంది. లేదంటే ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఏళ్ళు కాచుకున్నవాళ్ళకు దొరుకుతుంది. ఆ కిడ్నీ నిలబడేది టాక్రోలిమస్ మాత్ర మీద. అది 3ఏ4 తూము గుండానే పోయే మందు. తూము వెడల్పయితే కిడ్నీ పోతుంది, మూసుకుంటే మందు విషమై అదే కిడ్నీని చెడగొడుతుంది. పంపరపనస పండు తిన్న రోగిలో టాక్రోలిమస్ పెరిగిపోయిందని జపాన్ వైద్యులు రాశారు. కోనసీమలో పెరట్లో కాసే పండు. డిశ్చార్జి కాగితంలో ఆ పేరు తెలుగులో రాసి ఉంటే ఎంత బాగుండును.

4. షుగరు, బీపీ ఉన్న ముసలివాళ్ళు. షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకుంటూ పొద్దున్నే కాకర రసం, రాత్రి మెంతుల పొడి, మధ్యలో పొడపత్రి ఆకు. ఇవి కూడా షుగరు దించేవే, మాత్రతో కలిసి మరీ దించుతాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు, రాత్రి రెండింటికి చెమటలు పట్టి పడిపోతే లేపేవాళ్ళుండరు. దగ్గుకని అతిమధురం నెలల తరబడి చప్పరిస్తే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. నీరు లాగే మాత్రలు, గుండె మందు డిజాక్సిన్ వాడేవాళ్ళకు గుండె లయ తప్పుతుంది.

5. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, మలబద్ధకానికి తాగే ఇసబ్‌గోల్‌కూ దానికీ నాలుగు గంటల ఎడం పెడితే చాలు. ఇంత చిన్న మాట చెప్పేవాళ్ళు లేక డోసు మీద డోసు పెంచుకుంటూ పోతున్నారు.

ఇప్పుడు నా విన్నపాలు, ఎవరికి వారికి.

అధికారులకు. 1945 ఔషధ నిబంధనల్లో 161వ నిబంధన ప్రకారం ఆయుర్వేద మందు మీద ఏ మూలిక ఎంత ఉందో రాయాలి. విషపదార్థాల జాబితాలోవి కలిస్తే వైద్యుని పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉండాలి. మా ఊళ్ళో సీసా కొనేవాళ్ళు చదివేది తెలుగు. పైగా శంఖపుష్పి, పిప్పళ్ళు, అతిమధురం ఆ జాబితాలో లేవు. నిబంధన మార్చేది ఢిల్లీ అని నాకు తెలుసు. కానీ తయారీ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. ఇక్కడ తయారయ్యే ప్రతి సీసా మీదా "ఫిట్స్, గుండె, షుగరు, రక్తం పలచబరిచే మందులు, అవయవ మార్పిడి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాడవద్దు" అని తెలుగులో అచ్చు వేయించమని తయారీదార్లను పిలిచి చెప్పడానికి మీకు అడ్డేమీ లేదు. ఆయుర్వేద మందులు అమ్మడానికి లైసెన్సే అక్కర్లేదు కాబట్టి కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి. అక్కడ ఫార్మసిస్టు ఉండడు, సీసాయే మాట్లాడాలి. ఈలోగా, ఏ మూలిక ఏ మందుతో పడదో రుజువైనంత మేరకు ఒక్క కాగితం తెలుగులో వేయించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మందుల షాపుల్లో అంటించండి, ఆశా కార్యకర్తలకు ఇవ్వండి.

ఇంకొకటి. మందు వికటిస్తే చెప్పుకోవడానికి ఇంగ్లీషు మందులకు 1800-180-3024 నంబరుంది, ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్‌ది. ఆయుష్ మందులకు వేరే వ్యవస్థ, దాని కేంద్రం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ. రెండూ కలిసినందువల్ల వికటించిన కేసు ఎవరిది? నా అర్జీ తిరిగింది సరిగ్గా ఈ సందులోనే. జిల్లా ఆసుపత్రిలో ఒకే కిటికీ పెట్టండి, రెండు వైపులకూ పంపే బాధ్యత వాళ్ళకివ్వండి. ఐఎన్ఆర్, ఫెనిటోయిన్ పరీక్షలు కనీసం ఏరియా ఆసుపత్రిలో దొరికేలా చేయండి.

డాక్టర్లకు. వికటించిన కేసు రాసే ఫారంలో మూలికా మందుల కోసం ఒక గడి ఉంది. అది నిండాలంటే ముందు మీరు అడగాలి. అడిగేటప్పుడు "నాటు మందులు మింగుతున్నావా?" అని గద్దిస్తే లేదనే చెబుతారు. "టానిక్కులు, చూర్ణాలు, కషాయాలు, పసరు, పొడులు ఏమైనా తీసుకుంటున్నారా, ఈ మధ్య ఏమైనా మానేశారా?" అని అడగండి. మానేశారా అన్న ప్రశ్న మరవకండి. డోసు పెంచే ముందు ఇంకేమైనా తీసుకుంటున్నాడా అని ఒక్క మాట అడిగి ఉంటే మా వాడు రెండోసారి పడేవాడు కాదు.

ఆయుర్వేద వైద్యులకు. మీ శాస్త్రాన్ని తక్కువ చేయడానికి నేను ఇది రాయలేదు. ఏం తింటున్నావు, దేనితో కలిపి తింటున్నావు అని రోగిని అడిగి పథ్యం చెప్పడం మీ వైద్యంలో మొదటి పని. ఆ ప్రశ్నలోకి ఇంగ్లీషు మాత్రలను కూడా చేర్చండి. చీటీ మీద మూలికల పేర్లు రాసి ఇవ్వండి, పేరు లేకుండా పొట్లంలో కట్టి పంపవద్దు.

తోటి షాపుల వాళ్ళకు. నేను కౌంటరు మీద చేత్తో రాసిన అట్ట ఒకటి పెట్టాను, "టానిక్ అడిగేముందు మీరు రోజూ వేసుకునే మాత్రల పేరు చెప్పండి" అని. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు, పక్క షాపుకు పోయినవాళ్ళూ ఉన్నారు. అయినా తీయలేదు. మీరు కూడా పెడితే పోవడానికి పక్క షాపు ఉండదు.

ఈ లేఖకు రాతపూర్వకంగా సమాధానం కోరుతున్నాను. 60 రోజుల్లో రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, మూలికలూ మందులూ కలిసి వికటించిన ఫిర్యాదులు రాష్ట్రంలో ఎన్ని నమోదయ్యాయో అడుగుతాను.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. డోసు మళ్ళీ 200కే వచ్చింది, ఫిట్స్ మళ్ళీ రాలేదు. అప్పటి ఖాళీ సీసా, రెండు రక్తపరీక్షల కాగితాలు నా షాపు సొరుగులో ఉన్నాయి. ఎక్కడికి తీసుకురమ్మంటే అక్కడికి తెస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
పల్నాడు జిల్లా